గోడ మీది ఇల్లు

పెబ్బేరులో మా హాస్టల్ చిన్నపిల్లలకు పేరున్న ఇళ్ల బొమ్మలు చూపాలంటే మేము సవర గోడలతోనే మొదలుపెడతాం. ఎర్రమట్టి అలికిన గోడపై బియ్యప్పిండితో గీసే ఆ గడి, పెద్దల ఆత్మలు ఉండేందుకు ఇచ్చే ఇల్లు. 1951లో వెరియర్ ఎల్విన్ ఆదివాసీ కళపై రాసిన పుస్తకంలో ఈ బొమ్మలున్నాయి.

తర్వాతే వాన్ గో పసుపు ఇల్లు. (మా పిల్లలకది బంతిపూల ఇల్లు.) ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో తాను అద్దెకున్న ఇంటినే 1888లో గీశాడాయన. 1944 బాంబుదాడిలో ఆ ఇల్లు దెబ్బతింది, తర్వాత కూల్చేశారు. బొమ్మ మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది.

"ఇల్లు లేదా మేడమ్?" అంటారు పిల్లలు. ఈ సీమలో ఆ ప్రశ్న బరువైనది. 1981 ప్రాంతంలో శ్రీశైలం నీళ్లలో కృష్ణ ఒడ్డు ఊళ్లెన్నో మునిగాయి. ఆ ఇళ్లను గీసిపెట్టిందెవరు? సెలవులకు వెళ్లేటప్పుడు పిల్లల చేతికి డ్రాయింగ్ షీట్లిచ్చి, తండాలో, పెంటలో అవ్వాతాతల పాత ఇల్లు ఎలా ఉండేదో అడిగి గీసుకురమ్మంటున్నాం. కింద ఊరి పేరు తప్పక రాయాలి.