ఈ హ్యాండిల్‌ని ఎవరి కోసం వంచారు?

రోడ్ బైక్ కొనాలనుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఎంత హోంవర్క్ చేస్తాడో మీకు తెలియంది కాదు. ఫ్రేము అల్యూమినియమా కార్బనా, గేర్లెన్ని, బరువెంత, అన్నిటికీ ఓ ఎక్సెల్ షీటు తయారవుతుంది. ఆ షీట్లో హ్యాండిల్‌కి మాత్రం ఒక్క గడి కూడా ఉండదు. బండితో పాటు ఏదొస్తే అదే. తీరా మూణ్ణెల్లు తొక్కాక చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందనీ, మెడ పట్టేస్తోందనీ మొదలవుతుంది. అప్పుడు కూడా మార్చేది సీటు, లేదా గ్లవ్స్. హ్యాండిల్ జోలికి ఎవరూ వెళ్ళరు. అదేదో భగవంతుడు అలా వంచి పంపించినట్టు!

నిజానికి రోడ్ బైక్ హ్యాండిల్‌లో ఉన్న ప్రతి వంపుకీ ఓ కారణం ఉంది, ఓ తేదీ ఉంది. ముఖ్యంగా, ఆ వంపు ఎవరి ఒంటికోసం పుట్టిందో ఆ మనిషి ఉన్నాడు. చాలాసార్లు ఆ మనిషి మీరు కాదు. ఈ సంగతి తెలిస్తే కొనేటప్పుడు సగం తలనొప్పి తగ్గుతుంది. అంచేత కాస్త చరిత్ర చెప్పుకుందాం.

1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి ఒకటి నడిపాడు. పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. అందులో తిప్పడానికి ఒక కర్ర, దాని వెనక మోచేతులు ఆన్చుకోడానికి మెత్తటి పలక విడిగా ఉండేవి. అంటే బండిని తిప్పడం ఒక పని, ఒంటి బరువు ఆన్చుకోవడం ఇంకో పని అని ఆయనకి మొదటిరోజే తెలుసు. తర్వాత వచ్చినవాళ్ళు ఈ రెండు పనుల్నీ ఒకే గొట్టానికి అప్పజెప్పేశారు. 1860ల్లో పారిస్‌లో మిషో తయారుచేసిన పెడల్ బండికైతే మూడో పని కూడా తగిలించారు. హ్యాండిల్‌ని మెలితిప్పితే తాడు బిగిసి వెనక చక్రానికి బ్రేకు పడేది. ఒకే ఫంక్షన్‌లో అన్ని పనులూ కుక్కేయడం మన దగ్గరే మొదలవలేదన్నమాట.

ఆ తర్వాత పెద్ద ముందు చక్రాల బండ్లొచ్చాయి. గులకరాయి తగిలితే చాలు, మనిషి తలకిందులుగా ముందుకి ఎగిరి పడేవాడు. హ్యాండిల్ తొడలకి అడ్డం పడటం వల్ల కాళ్ళు ముందుకి రాక తల ముందు నేలకి తగిలేది. దాంతో 1880ల్లో హ్యాండిల్‌ని కాళ్ళ వెనకనుంచి వచ్చేలా వంచి చూశారు. పడితే పడ్డాం, కనీసం కాళ్ళమీద పడదామని. వేగం కోసం కాదు, ప్రాణం కోసం వంచిన వంపు అది.

1885లో జె.కె. స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిల్ వచ్చింది. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే సైజు, గొలుసుతో వెనక చక్రానికి నడక. ఇప్పటి సైకిల్‌కి తాత. తలకిందులయ్యే భయం తగ్గాక అందరి దృష్టీ వేగం మీదకి మళ్ళింది. వేగానికి అడ్డం గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగింతలవుతుంది, దాన్ని దాటడానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలు. ఆ గాలికి అడ్డంగా నిలబడేది బండి కంటే ఎక్కువగా మనిషే. కాబట్టి మనిషిని వంచాలి. మనిషి వంగాలంటే చెయ్యి కిందికి దిగాలి. చెయ్యి దిగాలంటే హ్యాండిల్ వంగాలి. అంతే లాజిక్కు.

ఇక్కడ దారి రెండుగా చీలింది. ఒకటి, చేతులు వెనక్కీ పైకీ వచ్చే హ్యాండిల్. ఇంగ్లండులో దాన్ని నార్త్ రోడ్ అన్నారు. మన ఊళ్ళలో పాలవాళ్ళు, పోస్ట్‌మాన్‌లు, బడిపంతుళ్ళు తొక్కిన నల్ల సైకిల్ హ్యాండిల్ ఆ వంశందే. నడుం నిటారుగా, చూపు రోడ్డు మీద, హ్యాండిల్‌కి చెరోపక్కా ఓ పాల క్యాను. ఆ బండికి అదే సరైన డిజైన్, ఎవరూ నవ్వక్కర్లేదు. రెండోది కిందికి వంగిన రేసు హ్యాండిల్. 1903లో మొదటి టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన మోరిస్ గారాన్ ఫొటో చూడండి, హ్యాండిల్ అప్పటికే వంగి ఉంటుంది. మన కుర్రాళ్ళు మామూలు సైకిల్ హ్యాండిల్‌ని తిరగేసి బిగించుకుని 'రేసు సైకిల్' చేసుకునేవాళ్ళే, అది కూడా తెలిసో తెలియకో ఇదే చరిత్రని ఇంకోసారి నడిపించడం.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి మార్షల్ టేలర్. 'మేజర్' టేలర్ అంటారు. అమెరికా నల్లజాతి రేసర్. 1894లో అక్కడి సైక్లిస్టుల సంఘం నల్లవాళ్ళకి సభ్యత్వం లేదని తీర్మానించింది. అలాంటి రోజుల్లో ఆయన 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ స్ప్రింట్ చాంపియన్ అయ్యాడు. ఆయన వాడిన స్టెమ్, అంటే ఫ్రేముకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే ముక్క, హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపి బిగించుకునేలా ఉండేది. అలాంటి స్టెమ్‌కి ఇప్పటికీ ఆయన పేరే. గమనించారా? ఆయన బండికి తగ్గట్టు ఒంటిని సర్దుకోలేదు, ఒంటికి తగ్గట్టు బండిని జరిపాడు. నూటపాతికేళ్ళ తర్వాత కూడా మనకి ఇంతకంటే మంచి సలహా లేదు.

తర్వాత అర్ధ శతాబ్దంలో రేసు హ్యాండిల్‌కి వ్యాకరణం రాసింది ఇటలీ. చీనో చినెల్లి స్వయంగా రేసర్, 1943 మిలాన్-సాన్‌రేమో విజేత. 1948లో కంపెనీ పెట్టాడు. ఆయన హ్యాండిళ్ళకి నంబర్లుండేవి. 64 రోజుల తరబడి సాగే రేసులకి, పై భాగం చదునుగా, లోతు తక్కువగా. 65 స్ప్రింట్ కొట్టేవాళ్ళకి, లేచి నిలబడి లాగినప్పుడు మణికట్టు పైగొట్టానికి తగలకుండా భుజాలు జారినట్టు వంచారు. 66 లోతైన వంపు, పొడుగు చేతులవాళ్ళకి. ఒకే కంపెనీ, ఒకే కాలం, మూడు ఆకారాలు. అంటే 'రోడ్ బైక్ హ్యాండిల్' అనేది ఒక్కటి ఎప్పుడూ లేదు. ఎవరు, ఎంత దూరం, ఎలా తొక్కుతారన్న ప్రశ్నకి ఒక్కోటీ ఒక్కో జవాబు.

ఫ్రాన్సులో ఇంకో జవాబు పుట్టింది. పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891లో మొదలైన 1200 కిలోమీటర్ల యాత్ర. ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరుగుతుంది, 90 గంటల్లో పూర్తి చెయ్యాలి. ఇలాంటి దూరాలు తొక్కేవాళ్ళకి ఒక్క నిమిషం మిగలడం కంటే రెండోరోజు రాత్రి కూడా చేతులు పనిచెయ్యడం ముఖ్యం. వాళ్ళ కోసం వచ్చిన రాండనార్ హ్యాండిల్ మధ్యలోంచి కాస్త పైకి లేచి, కిందికి వెళ్ళేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది. చేతులు మార్చుకోడానికి చోట్లెక్కువ. హైదరాబాదులో 200, 300, 600 కిలోమీటర్ల బ్రెవేలు తొక్కే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. విచిత్రమేమిటంటే వాళ్ళలో ఎక్కువమంది చేతుల కింద ఉండేది రేసు హ్యాండిలే.

అసలు మలుపు 1990లో వచ్చింది. అంతకుముందు గేరు మార్చాలంటే చెయ్యి తీసి కిందగొట్టం మీదున్న పుల్లని కదపాలి. షిమానో బ్రేకు లీవర్లోనే గేరు పెట్టేసింది. 1992లో కాంపన్యోలో తనదైన పద్ధతిలో అదే చేసింది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ దాంతో చేతుల అడ్రసు మారిపోయింది. బ్రేకు, గేరు రెండూ లీవర్ దగ్గరే ఉంటే చెయ్యి తీసే పనేముంది? లీవర్ల మీది రబ్బరు తొడుగులు, అంటే హుడ్స్, చేతులకి పర్మనెంట్ అడ్రసయ్యాయి. హ్యాండిల్ ఆకారాలు మాత్రం పాత అడ్రసు కోసమే తయారవుతూ వచ్చాయి. చెయ్యి ముందుకి చాచాల్సిన దూరం, అంటే రీచ్, 90 నుంచి 100 మిల్లీమీటర్లు. కింది వంపు లోతు, అంటే డ్రాప్, 140 నుంచి 150. హుడ్స్ మీద కూచోగలిగినవాడు కింది వంపు అందుకోలేకపోయేవాడు. 2000ల చివరికి 'కాంపాక్ట్' హ్యాండిళ్ళు వచ్చాకే ఇది సర్దుకుంది. రీచ్ 80 చిల్లర, డ్రాప్ 125 చిల్లర. యూజర్లు వాడే తీరు మారిన చాలా ఏళ్ళకి ఇంటర్‌ఫేస్ మారడం మనకి కొత్తేం కాదు కదా.

ఇహ వేగం పిచ్చి సంగతి. 1989 టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి రోజు గ్రెగ్ లెమాండ్ 50 సెకండ్లు వెనకున్నాడు. మిగిలింది వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు, ఒంటరిగా గడియారంతో పోటీ. ట్రయథ్లాన్ వాళ్ళు వాడే, మోచేతులు ఆన్చి చేతులు ముందుకి చాపే హ్యాండిల్ తగిలించుకొచ్చాడు. ముందున్న లొరాన్ ఫిన్యోన్ మామూలు టైమ్ ట్రయల్ హ్యాండిల్‌తోనే దిగాడు. మొత్తం టూర్ 8 సెకండ్ల తేడాతో లెమాండ్‌దైంది. అంతా ఆ హ్యాండిల్ మహిమేనని అనను గానీ, ఆ మర్నాటి నుంచి ఎవరూ దాన్ని చూసి నవ్వలేదు. మోచేతులు ఆన్చడానికి పలక! డ్రైస్ 1817లో పెట్టిందే కదా.

1993లో స్కాట్లండుకి చెందిన గ్రేమ్ ఓబ్రీ సొంతంగా చేసుకున్న బండి మీద చేతులు రొమ్ముకింద మడుచుకుని గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టాడు. మర్నాటేడు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఆ భంగిమని నిషేధించింది. ఆయన చేతులు బారజాపి ఇంకో భంగిమ కనిపెట్టి 1995లో ప్రపంచ చాంపియన్ అయితే, తర్వాత దాన్నీ నిషేధించారు. 2021లో మామూలు రోడ్డు రేసుల్లో హ్యాండిల్ మీద ముంజేతులు ఆన్చడాన్ని కూడా ఆపేశారు. భద్రత అనేది వాళ్ళు చెప్పే కారణం, అందులో నిజం లేకపోలేదు.

కానీ 2025 జూన్‌లో ఏమైందో చూడండి. రేసర్లు మరీ ఇరుకు హ్యాండిళ్ళు వాడుతున్నారని, 2026 నుంచి హ్యాండిల్ బయటి అంచులమధ్య కనీసం 400 మిల్లీమీటర్లు, రెండు హుడ్స్ లోపలి అంచులమధ్య కనీసం 320 ఉండాలని యూసీఐ ప్రకటించింది. మహిళా రేసర్లు ఒక్కసారి లేచారు. చిన్న భుజాలున్న మేము గాలి కోసం కాదు, ఒంటికి సరిపోతుందని ఇరుకు హ్యాండిల్ వాడుతున్నాం, మాకు వెడల్పుది అంటగడితే భద్రత పెరుగుతుందా తగ్గుతుందా అని. తర్వాత 320ని 280కి తగ్గించారు, 400 మాత్రం అలాగే ఉంచారు. ఎవరి కొలతల్ని మామూలు అనుకుని రూలు రాశారన్నదే ఇక్కడ ప్రశ్న. టెస్ట్ డేటాలో సగం జనాభాని వదిలేస్తే ప్రొడక్షన్‌లో ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

మనం రేసులు తొక్కం, మనకెందుకంటారా? ఎందుకంటే ఆ రేసర్ల కోసం వంచినదే షాపులో మనకి అమ్ముతారు. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు, గుయోన్ కెనాల్ అనే ఇరుకు సందులోంచి అల్నర్ నరం వెళ్తుంది. అరచేతి మడమ మీద బరువేసి గంటలకొద్దీ తొక్కితే అది నలుగుతుంది. తిమ్మిరి ఉంగరపు వేలు సగంలోనూ చిటికెన వేల్లోనూ వస్తుంది. అలాగే నెట్టుకొస్తే పట్టు కూడా సడలొచ్చు. పగలంతా కీబోర్డు మీదున్న మణికట్టే పొద్దున్నే సైకిల్ మీదా ఉంటుంది, స్పేర్ ఇంకోటి లేదు. దిగాక కూడా తిమ్మిరి పోకపోతే ఫోరంలో అడగడం కాదు, డాక్టరు దగ్గరికెళ్ళాలి.

సరే, మరి ఎలా ఎంచుకోవాలి? ముందు వెడల్పు. రెండు భుజాల మీదా చేత్తో తడిమితే తగిలే ఎముక కొసలుంటాయి, వాటి మధ్య దూరం కొలవండి. 38, 40, 42, 44 సెంటీమీటర్లలో దానికి దగ్గరది చూడండి. ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు గొట్టం మధ్యనుంచి మధ్యకి కొలుస్తాయి, కొన్ని బయటి అంచునుంచి అంచుకి. ఒకరి 42 ఇంకొకరి 40 అవుతుంది. యూనిట్ చూడకుండా నంబరు నమ్మకండి.

తర్వాత రీచ్, డ్రాప్. హుడ్స్ మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. బిగుసుకుని నిటారుగా ఉన్నాయంటే దూరం ఎక్కువన్నమాట. కింది వంపులో పది నిమిషాలు కూడా ఉండలేకపోతే అది మీకు అలంకారమే, తక్కువ డ్రాప్ ఉన్నది చూసుకోండి. రోడ్లు గతుకులైతే కింద బయటికి విచ్చుకునే హ్యాండిల్‌తో బండి మీద అదుపు ఎక్కువ. హ్యాండిల్ మార్చేముందు స్టెమ్ ఒక సెంటీమీటరు పొట్టిది వేసి చూడండి, ఖర్చు తక్కువ. బిగించే చోట వ్యాసం మాత్రం చూసుకోవాలి. పాతవాటిలో 25.4, 26.0, చినెల్లికి 26.4, ఇప్పుడు ఎక్కువగా 31.8. ప్రామాణికాల గోల ఏ రంగంలో అయినా ఒకటే.

చివరగా ఒక మాట. ఇప్పుడు ఖరీదైన బండ్లకి స్టెమ్, హ్యాండిల్ కలిపి ఒకే కార్బన్ ముక్కగా వస్తున్నాయి. బ్రేకు గొట్టాలు కూడా లోపల్నుంచే. చూడ్డానికి అద్భుతం. కానీ ఒక సెంటీమీటరు వెనక్కి కావాలంటే మొత్తం ముక్క మార్చాలి, బ్రేకులు విప్పాలి. కొలతల్ని హార్డ్‌కోడ్ చేసినట్టు. 1899 ప్రపంచ చాంపియన్ స్పానర్ తీసుకుని చేసుకున్న పనికి మనం వేలకి వేలు పొయ్యాలి. ప్రపంచ చాంపియన్‌కే సర్దుబాటు అవసరమైతే, రోజూ పదిగంటలు కుర్చీలో కూచునే మన నడుముకి అక్కర్లేదని ఎలా అనుకుంటాం? నన్నడిగితే మొదటి రోడ్ బైక్‌కి అలాంటిది వద్దు. హ్యాండిల్, స్టెమ్ విడివిడిగా ఉన్నది కొనండి, ఆర్నెల్లు తొక్కండి, జరుపుతూ చూడండి. ఆ ఎక్సెల్ షీట్లో మాత్రం ఇవాళే ఇంకో గడి కలపండి.