కోకా సుబ్బారావుగారు

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల అప్పీళ్ళను విను హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించిన వీరు చెన్నపురిలో న్యాయవాదిగా పేరొంది, 1948లో అచటనే న్యాయమూర్తియైరి. 1958లో సుప్రీంకోర్టున కేగి, 1966లో భారతదేశమునకే ప్రధాన న్యాయమూర్తియైరి.

పంజాబునందలి గోలక్‌నాథ్ కుటుంబమువారు భూపరిమితి చట్టముపై వ్యాజ్యము వేసిరి. ప్రాథమిక హక్కులను హరించు అధికారము పార్లమెంటునకు లేదని 1967 ఫిబ్రవరి 27న పదునొకండుగురిలో ఆరుగురు తీర్పు చెప్పిరి. వారిలో వీరు ముఖ్యులు. అయితే అంతకుముందు జరిగిన సవరణలను వారు కదలింపలేదు.

మరి రెండు నెలలైనను గడువకమునుపే వీరు పదవి విడిచి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచి, జాకీర్ హుస్సేనుగారి చేతిలో ఓడిరి. తక్కెడ పట్టినవారు బేరమునకు దిగవచ్చునా యని పలువు రాక్షేపించిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. కాని 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున, ఆ తీర్పును త్రోసిపుచ్చిన న్యాయస్థానమే, రాజ్యాంగ మూలస్వరూపమును చెరుప రాదని పార్లమెంటునకు హద్దు గీసెను. ఆ హద్దునకు దారి తీసినది సుబ్బారావుగారి తీర్పే.

పెద్దలారా! రచ్చబండపై తగవు తీర్చువారికిని ఇందు నేర్వదగినది కలదు. తీర్పు న్యాయముగా నుండిన చాలదు. చెప్పినవారి యెడ జనులకు శంక కలుగకుండవలెను.