పాము మింగినా పటం మీదే

1968లో పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ ఛాంపియన్ న్యూరెంబర్గ్ క్లబ్బు. 1969లో అదే క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోయింది! ఈ సంగతి తెలిసిన రోజు మా కార్వేటినగరంలో ముక్కోటి జాగారాలు గుర్తొచ్చాయి. వైకుంఠపాళి పరిచి కూర్చుంటే, పరమపదం వాకిట్లోకి వచ్చినవాణ్ణి పెద్దపాము మింగేసేది. మళ్లీ కింద నుంచి గవ్వలు వేసుకుంటూ రావాల్సిందే.

2019 నాటికి న్యూరెంబర్గ్ తొమ్మిదిసార్లు దిగింది, ఎనిమిదిసార్లు ఎక్కింది. ఇలాంటివాటిని జర్మన్లు లిఫ్టు జట్లంటారు, ఇంగ్లీషువాళ్లు యోయో క్లబ్బులంటారు.

ఈ నిచ్చెనలు ఇంగ్లండులో పుట్టాయి. 1892లో రెండో డివిజన్ వచ్చింది. పై డివిజన్‌లో అడుగున మిగిలినవాళ్లకూ, కింది డివిజన్‌లో ముందు నిలిచినవాళ్లకూ పరీక్ష మ్యాచులు పెట్టేవారు. 1898లో స్టోక్, బర్న్‌లీ తలపడ్డాయి. డ్రా అయితే చాలు, ఇద్దరికీ పై డివిజన్ దక్కుతుంది. గోలు కొట్టాలని ఎవరూ చూడలేదు. సున్నా-సున్నా! ఆ ఏడాదితో పరీక్షలు ఎత్తేసి, పట్టికలో స్థానాన్ని బట్టే ఎక్కడం, దిగడం మొదలుపెట్టారు.

మన దగ్గరికొస్తే నా మనసంతా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మీదే. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో దాన్ని చేతిలోకి తీసుకున్నారు. వాటం లేని కాలితోనే ఆడాలని ఒక పోటీ, బంతిని వెంట నడిపించుకుపోకుండా అందించాలని ఇంకో పోటీ పెట్టేవారు. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో పేరుమోసిన మోహన్ బగాన్ జట్టునే ఓడించారు. 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లూ రోవర్స్ కప్పు వాళ్లదే. రహీం శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు.

అప్పట్లో దేశమంతటికీ ఒక లీగు లేదు. అది 1996లో గానీ రాలేదు. కప్పుల్లో ఓడితే ఇంటిదారి పట్టడమే. అంత గొప్ప జట్టు చిక్కిపోతుంటే ఆగడానికి మెట్టు లేదు, మళ్లీ ఎక్కడానికి నిచ్చెన లేదు. మనం పోగొట్టుకున్నది అదే.

తర్వాత వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2023-24లో అట్టడుగున నిలిచింది. అప్పటికి అక్కడ కింది డివిజన్‌కు దించే పద్ధతే లేదు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.

న్యూరెంబర్గ్ ఎన్నిసార్లు దిగినా తన ఊళ్లోనే ఉంది. జాగారంలో పాము మింగిన కాయ కూడా అడుగు గడిలో ఉండేది, తెల్లారేలోగా ఎక్కేది. మన కాయను మాత్రం పటం మీద నుంచే తీసేశారు.