వైద్య నిర్లక్ష్యం: భారతదేశంలో చట్ట చరిత్ర

వైద్యుడు తన వృత్తికి తగిన నైపుణ్యాన్ని, జాగ్రత్తను చూపకపోవడం వల్ల రోగికి కలిగే హానిని వైద్య నిర్లక్ష్యం అంటారు. భారతదేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. నేర చట్టం, వినియోగదారుల చట్టం, వైద్య మండలి నియమాలు, వాటిపై వచ్చిన తీర్పులే దీనికి ఆధారం.

పూర్వరంగం

రోగి ఇంటి గుట్టు బయటపెట్టరాదని చరక సంహిత వైద్య విద్యార్థికి బోధించింది. కౌటిల్యుని అర్థశాస్త్రం మరింత నిక్కచ్చిగా జరిమానాలు విధించింది. ప్రాణాపాయమున్న జబ్బుకు అధికారులకు తెలపకుండా చికిత్స చేసి, రోగి మరణిస్తే పూర్వసాహస దండం (తొలి స్థాయి జరిమానా). చికిత్సలోని తప్పు వల్లే మరణిస్తే మధ్యమసాహస దండం (మధ్య స్థాయి జరిమానా). ఆ తరువాత చెప్పుకోదగిన ఘట్టం 1860 నాటి భారత శిక్షాస్మృతి. నిర్లక్ష్యం వల్ల కలిగే మరణానికి రెండేళ్ల వరకు శిక్ష విధించే 304-ఎ సెక్షన్ 1870లో అందులో చేరింది.

పుణెలో ఒక యువకుడి విరిగిన కాలిని సరైన మత్తు ఇవ్వకుండా సరిచేయగా అతను మరణించిన కేసులో సుప్రీంకోర్టు 1968లో వైద్యుడి మూడు బాధ్యతలను పేర్కొంది: కేసు తీసుకోవాలా వద్దా అన్నది, ఏ చికిత్స చేయాలన్నది, ఆ చికిత్సను ఎలా చేయాలన్నది. ఈ మూడింటిలోనూ జాగ్రత్త తప్పనిసరి అంది.

1995 తీర్పు

పరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే కోర్టు ఫీజు, వకీలు ఖర్చు, ఏళ్ల తరబడి తిరుగుడు. బీద కుటుంబానికి అది అందని దారి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఫీజు లేకుండా, వకీలు లేకుండా ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించినా, వైద్యం అందులోకి వస్తుందా రాదా అన్న వివాదం తేలలేదు. 1992లో జాతీయ వినియోగదారుల కమిషన్ వస్తుందంది. 1994లో మద్రాసు హైకోర్టు రాదంది. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు రోగి పక్షాన నిలిచింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం ‘సేవ’ అని, కొందరికి ఉచితంగా, కొందరికి రుసుముతో చికిత్స చేసే ఆసుపత్రుల్లో ఉచిత రోగులకూ ఫిర్యాదు చేసే హక్కు ఉందని ప్రకటించింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సేవను మాత్రం మినహాయించింది. సర్కారు దవాఖానా తప్ప వేరే గతిలేని రోగి ఈ మినహాయింపు వల్లే ఇప్పటికీ బయట నిలిచి ఉన్నాడు.

హైదరాబాదు కేసులు

ఈ చరిత్రలో రెండు ముఖ్యమైన మలుపులు హైదరాబాదువే. 1990లో ఛాతీలో కణితితో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో శస్త్రచికిత్స పొందిన ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడింది. కణితి తొలగింపునకు సమ్మతి తీసుకోలేదని, న్యూరోసర్జన్‌ను పిలవలేదని నిర్ధారించిన సుప్రీంకోర్టు, జాతీయ కమిషన్ 1999లో ఇచ్చిన సుమారు 15.5 లక్షల పరిహారాన్ని 2009 మే 14న కోటి రూపాయలకు పెంచింది. అప్పటికి ఉద్యోగంలో ఉన్న అతను తన వాదన తానే వినిపించుకున్నాడు.

రెండోది కిషన్‌రావు కేసు. మలేరియా విభాగపు అధికారి భార్య జ్వరంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు. వ్యాధి మలేరియా అని మరో ఆసుపత్రిలో తేలింది. ఆమె బతకలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని రాష్ట్ర కమిషన్ కొట్టివేయగా, 2010 మార్చి 8న సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. తప్పు కళ్లెదుటే కనబడుతున్నప్పుడు మరో వైద్యుడి నిపుణ సాక్ష్యం ప్రతి కేసులోనూ అవసరం లేదన్న ఈ తీర్పు ఎంతో విలువైనది. సాటి వైద్యుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే డాక్టరును వెతుక్కోవడం ఫిర్యాదుదారుకు ఎంత కష్టమో తెలిసినవారికి దీని బరువు తెలుస్తుంది.

నేర బాధ్యత, తరువాతి మార్పులు

2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు, తీవ్ర నిర్లక్ష్యమైతేనే వైద్యుడిపై నేరం నిలుస్తుందని, నిపుణుల అభిప్రాయం లేకుండా కేసు నడపరాదని, మామూలుగా అరెస్టు చేయరాదని ఆదేశించింది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యపు మరణానికి శిక్షను ఐదేళ్లకు పెంచినా, రిజిస్టరైన వైద్యులకు రెండేళ్లే ఉంచింది.

2019 వినియోగదారుల చట్టం రాజీ కుదిర్చే మధ్యవర్తిత్వానికి చోటిచ్చింది. అయితే మరణానికో తీవ్ర గాయానికో దారితీసిన వైద్య నిర్లక్ష్యపు కేసులను మధ్యవర్తికి పంపరాదని 2020 నియమాలు చెబుతున్నాయి. వాటిని కమిషన్లే విచారించాలి.