మట్టి బురుజు దర్జీలు: మెటియాబ్రుజ్ కుట్టుపని, ఉన్ని కోటు

కోల్‌కతాకు నైరుతి దిశలో, హుగ్లీ నది తూర్పు ఒడ్డున, గార్డెన్ రీచ్‌ను ఆనుకొని ఉన్న ప్రాంతం మెటియాబ్రుజ్. పేరుకు అర్థం మట్టి బురుజు. సిద్ధదుస్తుల తయారీలో తూర్పు భారతానికి ఇది ప్రధాన కేంద్రం. ఇక్కడి కుట్టుపని చాలావరకు ఇళ్లలోనే సాగుతుంది.

నవాబు రాక

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్‌ను స్వాధీనం చేసుకొంది. రాజ్యం కోల్పోయిన నవాబు వాజిద్ అలీ షా అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరి, మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డారు. 1887లో మరణించే వరకు ఆయన నివాసం ఇదే. ఆయన సమాధి ఇక్కడి సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో ఉంది. నవాబు వెంట వచ్చిన పరివారంలో వంటవారు, సంగీతకారులతో పాటు దర్జీలూ ఉన్నారని, ఈ వృత్తి వేళ్లూనడానికి వారే కారణమని స్థానికులు చెబుతారు.

పని తీరు

పెట్టుబడి పెట్టి పని చేయించే పెద్ద దర్జీని ఇక్కడ ‘ఓస్తాగర్’ అంటారు. ఆయన తానులు కొని, గుడ్డ కత్తిరింపజేసి, కుట్టుపనిని దర్జీలకు అప్పగిస్తారు. కాజాలు, బొత్తాలు, ఎంబ్రాయిడరీ, ఇస్త్రీ ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతికి వెళతాయి. కూలి సాధారణంగా పీసు లెక్కన ఉంటుంది. తయారైన సరుకు వారాంతపు సంతల్లో టోకున అమ్ముడవుతుంది. పిల్లల దుస్తులు, చవక ధర ఇక్కడి సరుకుకు గుర్తులు. రంజాన్, దుర్గాపూజలకు ముందు పని ముమ్మరంగా ఉంటుంది.

మెత్తని కోటు

భుజాలలో దిండ్లు, రొమ్ము భాగంలో గట్టి గుడ్డ లేకుండా, ఒంటి వాలును అనుసరించి కుట్టే ఉన్ని కోటుకు నేడు ఆదరణ ఉంది. ఇటలీలోని నేపుల్స్ దర్జీలు ఈ పద్ధతికి పేరుపొందారు. తేలికపాటి చలి ఉండే మన నగరాలకు ఇది తగిన వస్త్రం. చూడటానికి సులువుగా కనిపించినా కుట్టడం కష్టం. పూర్తి అస్తరు లేని కోటులో లోపలి కుట్లు బయటపడతాయి గనుక ప్రతి అంచునూ చుట్టి కుట్టాలి. భుజం దగ్గర చేతిని అమర్చడంలో దోషాన్ని దాచే దిండు ఉండదు.

ఉన్ని ఎక్కడిది?

మన దేశపు ఉన్నిలో దాదాపు 85 శాతం తివాచీలకు, 5 శాతం మాత్రమే దుస్తులకు పనికివస్తుంది. తెలంగాణ, రాయలసీమల నల్ల గొంగళ్లకు వాడే దక్కనీ గొర్రె ఉన్ని కూడా ముతకదే. అందువల్ల కోటుకు కావలసిన సన్నని మెరీనో ఉన్నిని ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి దిగుమతి చేసుకుంటున్నాం. ఈగల బెడద నివారణకు అక్కడ గొర్రెల వెనుక భాగపు చర్మాన్ని కోసివేసే ‘మ్యూల్సింగ్’ విధానంపై తీవ్ర విమర్శలున్నాయి. న్యూజిలాండ్ 2018లో దాన్ని నిషేధించింది. గొర్రెల సంక్షేమాన్ని, మేత భూముల నిర్వహణను పరిశీలించే ‘రెస్పాన్సిబుల్ వుల్ స్టాండర్డ్’ ధ్రువీకరణ 2016లో వచ్చింది.

దర్జీకి ధ్రువీకరణ

ఈ ధ్రువపత్రం గొర్రె ఎలా పెరిగిందో చెబుతుంది. ఆ గుడ్డను ఇంట్లో కూర్చొని కుట్టిన మనిషికి ఎంత కూలి దక్కిందో చెప్పడం దాని పని కాదు. ఇంటిపట్టున పనిచేసేవారికి ఇతర కార్మికులతో సమాన హక్కులు కల్పించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.

బాధ్యతాయుతమైన వస్త్రం అన్న మాటకు పూర్తి అర్థం రావాలంటే, గొర్రె మందకు వేసే ప్రశ్ననే కుట్టుమిషను దగ్గరా వేయాలి. కోటు కొనేవారు ఉన్ని ఎక్కడిదని అడిగినప్పుడు, కుట్టినవారెవరు, వారికి ముట్టిన కూలి ఎంత అని కూడా అడగవచ్చు. మెటియాబ్రుజ్ వంటి చోట్ల పనితనానికి తగిన విలువ లభించడం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.