బైక్ ఎయిర్ ఫిల్టర్: గాలి కొట్టించాలా, మార్చాలా?

ఒక లీటర్ పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఇంజిన్‌కు సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైక్ 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి 200 లీటర్ల పెట్రోల్‌తో పాటు 18 లక్షల లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ముందు వెళ్తున్న లారీ లేపిన దుమ్ము, తవ్వి వదిలేసిన రోడ్ల మట్టి, సిమెంట్ పొడి అన్నీ ఆ గాలిలోనే ఉంటాయి. వాటిని ఇంజిన్‌లోకి పోకుండా ఆపేది కొన్ని వందల రూపాయల ఎయిర్ ఫిల్టర్.

రోడ్డు దుమ్ములో సన్నటి ఇసుక రేణువులు, అంటే సిలికా, చాలా ఉంటాయి. ఇవి పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య ఉండే నూనె పొరలో చేరితే గరుకు కాగితంతో రుద్దినట్టే లోహాన్ని అరగదీస్తాయి. క్రమంగా కంప్రెషన్ తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ మండి సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంది. మెకానిక్ ‘బోర్ పోయింది’ అనే స్థితి ఇదే. అక్కడి నుంచి ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. రోజంతా బండి మీదే ఉండే డెలివరీ కార్మికుడికి దానితో పాటు కొన్ని రోజుల సంపాదన కూడా పోతుంది.

ఫిల్టర్ మూసుకుపోతే ఏమవుతుందన్నది బండి ఏ కాలంనాటిదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. పాత కార్బ్యురేటర్ బండ్లలో గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. నల్ల పొగ వస్తుంది, స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వీటిలో సెన్సర్లు లోపలికి వస్తున్న గాలిని అంచనా వేసి, దానికి తగ్గట్టే పెట్రోల్ పంపిస్తాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో కార్లపై చేసిన పరీక్షల్లో కూడా, ఇంజెక్షన్ ఇంజిన్లలో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. తగ్గింది పికప్ మాత్రమే. కాబట్టి కొత్త బండిలో మైలేజీ బాగానే ఉంది కదా అని ఫిల్టర్ సంగతి వదిలేయడం సరికాదు.

శుభ్రం చేయాలా, మార్చాలా అన్నది ఫిల్టర్ రకాన్ని బట్టి తేల్చుకోవాలి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. మామూలు పొడి కాగితం ఫిల్టర్‌ను మెల్లగా తట్టి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు తక్కువ ఒత్తిడితో గాలి కొట్టి, మళ్లీ కొంతకాలం వాడుకోవచ్చు. కానీ మన రోడ్లపై కనిపించే చాలా బైకులు, స్కూటర్లలో ఉండేది నూనె పట్టించిన కాగితం ఫిల్టర్. దీన్ని విస్కస్ ఫిల్టర్ అంటారు. దుమ్మును పట్టి ఉంచేది ఆ జిగురే. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో దానిపై గాలి కొడితే నూనె చెదిరిపోతుంది, కాగితంలో కంటికి కనిపించని చీలికలు పడతాయి, అంటుకున్న దుమ్ము ఇంకా లోతుకు పోతుంది. చూడటానికి తెల్లగా, కొత్తదానిలా ఉంటుంది. పనిలో మాత్రం మురికి ఫిల్టర్ కంటే అధ్వానం. మురికిదైతే గాలిని అడ్డుకుంటుంది, ఇది దుమ్మును లోపలికి వదులుతుంది. అందుకే ఇలాంటి ఫిల్టర్‌ను శుభ్రం చేయకుండా మార్చేయమని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. సర్వీసింగ్ బిల్లులో ‘ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్’ అని కనిపిస్తే, మన బండిలో ఉన్నది ఏ రకమో అడగడం మంచిది.

మూడో రకం స్పాంజ్ ఫిల్టర్. ఇది కడగడానికే తయారైంది. కిరోసిన్‌లోనో సబ్బు నీళ్లలోనో ముంచి, మెలితిప్పకుండా అరచేతుల మధ్య నొక్కి పిండాలి. పెట్రోల్‌తో కడగకూడదు, మంట అంటుకునే ప్రమాదం ఉంది. నీడలో పూర్తిగా ఆరాక మాన్యువల్ చెప్పిన నూనె పట్టించి, ఎక్కువైంది పిండేసి బిగించాలి. నూనె లేని స్పాంజ్ సన్న దుమ్మును ఆపదు.

మార్చే పని కష్టమేమీ కాదు. చాలా బైకుల్లో సైడ్ ప్యానెల్ వెనక గానీ సీటు కింద గానీ, గేర్ లేని స్కూటర్లలో సాధారణంగా వెనక చక్రానికి ఎడమ పక్కన నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. స్క్రూలు విప్పే ముందే పెట్టె పైన ఉన్న మట్టిని తుడవాలి, లేకపోతే అదంతా లోపల పడుతుంది. ఫిల్టర్ తీశాక ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి, పెట్టె లోపలి భాగాన్ని తడిగుడ్డతో తుడవాలి. అక్కడ గాలి కొట్టకూడదు. కొత్త ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు చుట్టూ సమంగా కూర్చోవాలి. అది ఒక పక్క మడత పడినా, ఒక స్క్రూ వదులుగా ఉన్నా గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని ఆ సందులోంచే పోతుంది. ఫిల్టర్ లేకుండా ‘షెడ్డు దాకానే కదా’ అని బండి నడపడం కూడా ఇలాంటిదే.

మార్చే గడువు కొన్ని మోడళ్లకు 12,000 కిలోమీటర్లు, కొన్నింటికి 16,000 కిలోమీటర్లు. దుమ్ము, వాన ఎక్కువ ఉన్న చోట ఇంకా ముందే మార్చమని మాన్యువళ్లే చెబుతాయి. తాండూరు నాపరాళ్ల క్వారీల చుట్టుపక్కల తిరిగే బండికి, హైదరాబాద్‌లో ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి ఒకే లెక్క కుదరదు. వరద నీటిలో మునిగిన బండిని స్టార్ట్ చేయకముందే ఈ పెట్టె విప్పి చూడాలి. కాగితం తడిస్తే ఆరబెట్టి వాడటం కాదు, మార్చాల్సిందే.

పాత బండి కొనేటప్పుడు కూడా ఇదే పెట్టె తెరిపించి చూడొచ్చు. ఫిల్టర్‌కు బయటి వైపు ఎంత మురికి ఉన్నా ఫర్వాలేదు. ఇంజిన్ వైపు గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే దుమ్ము అంటిందంటే మాత్రం, ధర మాట్లాడే ముందు ఇంజిన్‌ను మెకానిక్‌కు చూపించాలి.