ముసలాయన తాగాడు, కెమెరా తూలింది

1924. బెర్లిన్ శివార్లలోని బాబెల్స్‌బెర్గ్. ఉఫా స్టూడియోలో ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ ఛాతీకి కెమెరా కడుతున్నారు. ఆయన అసలే భారీ మనిషి. బరువుకు ముందుకు పడిపోకుండా వీపున బ్యాటరీలు తగిలించారు. ఇప్పుడాయన పూటుగా తాగినవాడిలా తూలుతూ నడవాలి. కథలో తాగింది హోటల్ గుమ్మంలో నిలబడే ముసలి దర్వాను. కళ్లు తిరగాల్సింది మాత్రం ప్రేక్షకుడికి!

ఈ పని చేయిస్తున్న పొడగరి ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముర్నావ్. ఇంటిపేరు ప్లుంపే. బవేరియాలోని ముర్నావ్ అనే ఊరి పేరు తనకు పెట్టుకున్నాడు. మాక్స్ రైన్‌హార్ట్ దగ్గర నాటకం నేర్చాడు, మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడిపాడు. గాల్లో తిరిగొచ్చిన మనిషికి స్టాండు మీద కదలకుండా కూర్చున్న కెమెరాను చూస్తే ఊపిరాడేది కాదేమో. ఇది నా ఊహే.

అప్పటికే 'నోస్ఫెరాటు' (1922) తీశాడు. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'ను అనుమతి లేకుండా వాడుకున్నారని స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పొచ్చింది. అక్కడా ఇక్కడా మిగిలిన ప్రతుల పుణ్యమే మనం చూస్తున్న సినిమా.

ఇక ఆ దర్వాను సినిమా పేరు 'డెర్ లెట్స్టె మాన్'. ఎమిల్ యానింగ్స్ వేసిన దర్వానుకు ఇత్తడి గుండీల కోటే ప్రాణం. ముసలివాడయ్యావంటూ యాజమాన్యం ఆ కోటు విప్పించి, మరుగుదొడ్లలో తువ్వాళ్లు అందించే పనిలో వేసింది. ఇంట్లో పెళ్లి. వట్టి చొక్కాతో పేటలోకి ఎలా వెళ్తాడు? రాత్రికి రాత్రి కోటు దొంగిలించాడు. మర్నాడు దాన్ని రైల్వేస్టేషన్ సామాన్ల గదిలో దాచి పనికి వెళ్లాడు. ఇంత కథనూ సంభాషణల అట్టలు లేకుండా నడిపాడు ముర్నావ్. చివర్లో ఒకే ఒక్క అట్ట వేసి, దర్వానుకు కోట్ల ఆస్తి కట్టబెట్టాడు. అది అతుకేనని సినిమాయే ఒప్పుకుంటుంది. నాకైతే ఆ అతుకు నచ్చలేదు.

ఈ సినిమా చూసి హాలీవుడ్ నుంచి స్టూడియో అధిపతి విలియం ఫాక్స్ ముర్నావ్‌ను పిలిపించుకున్నాడు. 'సన్‌రైజ్' (1927) కోసం ఊరికి ఊరే సెట్టుగా వేశారు, ట్రాము పట్టాలతో సహా. తొలి ఆస్కార్లలో దానికి బహుమతులొచ్చాయి, డబ్బు మాత్రం రాలేదు. ఈలోగా సినిమా మాట్లాడటం మొదలెట్టింది. తర్వాత తీసిన 'సిటీ గర్ల్'లో మాటలు చేర్చాలని స్టూడియో పట్టుబట్టింది. ముర్నావ్ ఫాక్స్‌కు దండం పెట్టి తాహితీ దారి పట్టాడు. అక్కడి స్థానికులతో, సొంత డబ్బుతో 'టాబూ' తీశాడు. మళ్లీ మూకీయే.

1931 మార్చి 10న కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర ముర్నావ్ వెళ్తున్న కారు ప్రమాదానికి గురైంది. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 42. సరిగ్గా వారానికి న్యూయార్క్‌లో 'టాబూ' విడుదలైంది. దాని కెమెరామన్ ఫ్లాయిడ్ క్రాస్బీకి ఆస్కార్ వచ్చింది.